పుట్టి దిగే రేవు

పుట్టికి డాంబరు పూసేటప్పుడు చెయ్యి ఆపకూడదు. ఆపితే డాంబరు చల్లారి గడ్డకడుతుంది. గడ్డకట్టిన చోటే తర్వాత పగులుతుంది, పగిలిన చోటే నీళ్లు వస్తాయి. అందుకని వాకిట్లోకి ఎవరో వచ్చారని తెలిసినా జములమ్మ తల ఎత్తలేదు. నది దాటించే గుండ్రటి పుట్టిని బోర్లించి, దాని చుట్టూ గొంతుక్కూచుని జరుగుతూ, కర్రకు చుట్టిన పాత చీరపేలికను డబ్బాలో ముంచి, యూరియా బస్తాలు కలిపి కుట్టిన పట్టా మీద మందంగా, ఒక్క తీరుగా పూసుకుంటూ పోయింది. చుట్టు పూర్తయ్యాక పేలిక డబ్బాలో వదిలేసి, మోచేత్తో నొసటి చెమట తుడుచుకుని చూసింది.

ఇద్దరు మనుషులు తాడు పట్టి సున్నపు గీత గీస్తున్నారు. గేరి మొదట్లో జంగయ్య అరుగు ముందు మొదలైన ఆ గీత, వరసగా అందరి వాకిళ్ల ముందు నుంచి వచ్చి, ఆమె పుట్టికి జానెడు అవతలగా సాగి, మెహరున్నిసా ఇంటి దగ్గర ఆగింది. గీతకు ఇవతల పుట్టి తోలేవాళ్ల వీధి, పుట్లగేరి, అవతల కొత్త పార్కు. పార్కు దాటితే కృష్ణ.

పార్కు పని మొదలైనప్పటి నుంచి గేరిలో ఎవరూ దానికి అడ్డు చెప్పలేదు. తుమ్మచెట్లు కొట్టేసి నడిచే బాట వేశారు. గడ్డి పరిచారు, బెంచీలు వేశారు, నది దిక్కు తిరిగి ఊరి పేరు మనిషెత్తు అక్షరాలతో నిలబెట్టారు. రేవు దగ్గర ఒండ్రుమట్టి తీసేసి రాతిమెట్లు కట్టారు. ఆ మెట్లయితే జములమ్మకు నచ్చాయి కూడా. నది నడుమ గడ్డ మీది నుంచి పుట్టిలో వచ్చే ముసలివాళ్లు బురదలో కాలు జారకుండా దిగుతున్నారు. పుట్టి నెత్తికెత్తుకుని గడ్డి మీద నుంచి నడిచిపోతుంటే పని వాళ్లు ఎవరూ ఏమీ అనేవాళ్లు కాదు. పైగా ఆమె బిడ్డ పూజకు ఆ పార్కులోనే మొక్కల పని దొరికింది. భర్త బాలకృష్ణ పూణె దిక్కు కట్టడం పనికి పోయి ఉన్నాడు. ఇంట్లో ఆడవాళ్లిద్దరూ రెండు దిక్కులా సంపాదించుకుంటుంటే బాగానే ఉందనుకుంది.

"ఏందన్నా గీతలు?" అని అడిగింది.

గీత గీయిస్తున్నది ఆశీర్వాదం. గట్టు మండలం దిక్కు మనిషి, గుత్తేదారు దగ్గర సూపర్‌వైజరు. మెత్తగా మాట్లాడతాడని పేరు. పార్కుకు గోడ వస్తుందని, నాలుగు రోజుల్లో ప్రారంభమని, పెద్దవాళ్లు వస్తారని చెప్పాడు. హద్దు అన్నాక గోడ ఉండాలి కదా అన్నాడు.

"మరి మేం నదికెట్ల పోవాలె?"

"గేటు పెడ్తరు తియ్ అమ్మా." ఆమె ఇంటికి ఎదురుగా గీత మీద చెప్పు కాలు ఆనించి చూపించాడు. "గిక్కడనే."

"పుట్టి పడ్తదా గేట్ల?"

"పడ్తది, పడ్తది."

ఆ మాట మీదనే ఆమె మళ్లీ కూర్చుని రెండో పూతకు డబ్బా పొయ్యి మీద పెట్టింది.

*

మరునాటికి స్తంభాలు నిలబడ్డాయి. ఆ మరునాడు పలకలు వచ్చాయి. ట్రాక్టరులో పేర్చుకొచ్చిన సిమెంటు పలకలు. స్తంభాలకు రెండు పక్కలా గాడి ఉంది. ఇద్దరు ఈ దిక్కు, ఇద్దరు ఆ దిక్కు నిలబడి పలకను ఎత్తి గాడిలో పై నుంచి జార్చితే అది గరగరమని దిగి కింది పలక మీద కూర్చుంటుంది. ఇటుక లేదు, తాపీ లేదు. పొద్దున పిల్లలు దూకేంత ఉన్న గోడ మధ్యాహ్నానికి ఛాతీ దాకా వచ్చింది, సాయంత్రానికి తలను దాటిపోయింది. ప్రారంభం అయ్యాక సందుల్లో సిమెంటు పోస్తారట.

జములమ్మ పొయ్యి దగ్గర కూర్చుంటే నది కనిపించేది. ఇన్నేళ్లూ ఆమెకు అదే గడియారం, అదే ఫోను. నది నడుమ గడ్డ మీద ఒక పల్లె ఉంది. అక్కడి వాళ్లు ఇవతలకు రావాలంటే ఒడ్డున నిలబడి తువ్వాలు ఊపుతారు. అన్నం వారుస్తూనో కూర కలుపుతూనో తల ఎత్తి చూసి, ఊపే బట్టను బట్టి ఎవరో పోల్చుకుని, పొయ్యి మీది గిన్నె పూజకు అప్పజెప్పి తెడ్డు తీసుకునేది. ఆ రోజు కూడా అలవాటు కొద్దీ తల ఎత్తింది. బూడిదరంగు పలక కనిపించింది. దాని మీద పొద్దుటి వాన మరక ఆరుతోంది. ఇంట్లోకి గాలి రాక పొయ్యి పొగ చూరుకే చుట్టుకుంది.

ఆమె బయటికి వచ్చి గేటు కోసం చూసింది. ఆశీర్వాదం కాలు ఆనించిన చోట కూడా పలకలే ఉన్నాయి. ఆరిన పుట్టి గోడకు ఇవతల బోర్లా పడి ఉంది.

తెల్లారి పార్కు ముందు వాకిలి నుంచి చుట్టూ తిరిగి రేవుకు పోదామనుకుంది. పెద్ద వాకిలికి తాళం. పక్కన మనిషి ఒక్కడు పట్టేంత ఇనుప తిరుగుడు చట్రం. కాపలావాడు ఎనిమిది దాటినాకనే తీస్తానన్నాడు. అప్పటికే గేరిలో మగవాళ్లు ఖాళీ చేపల గంపలతో అక్కడే నిలబడి ఉన్నారు. నిన్న గోడ లేవకముందు వేసిన వలలు నీళ్లలోనే ఉన్నాయి. పొద్దెక్కితే చేప మెత్తబడుతుంది, గద్వాల మార్కెట్టుకు పోయినా ఎవరూ ముట్టరు. గేరిలో అందరూ ఆపా అని పిలిచే మెహరున్నిసా ఆ చేపలు కొని మార్కెట్టుకు పట్టుకుపోతుంది. ఆవిడ ఆటో ఖాళీగా తిరిగిపోయింది.

ఎనిమిది దాటి జములమ్మ మెట్ల దగ్గరికి చేరేసరికి గడ్డ ఒడ్డున, కూరగాయలు తెచ్చి అమ్ముకునే జానకమ్మ కూర్చుని ఉంది. ఊపి ఊపి అలసి తువ్వాలు నెత్తిన వేసుకుంది. పక్కన కూరగాయల గంప. జములమ్మ మెట్ల కింద కట్టేసి ఉన్న జంగయ్య పుట్టి అడిగి తీసుకుని అవతలకు పోయింది. గంపలో తోటకూర ఎండకు వాడి తీగల్లా వేలాడుతోంది. జానకమ్మ గంపతో పుట్టిలో కూర్చుంది. నది సగం దాటాక అంది.

"సచ్చిపోయినవనుకున్న. లేకుంటె ఇంతసేపు సూడకుండ ఉండవు."

జములమ్మ తెడ్డు వేస్తూనే ఉంది. ఏం చెప్పాలి, నిన్ను చూడకుండా నా కళ్ల ముందు గోడ కట్టారని చెప్పాలా?

*

ఆ మధ్యాహ్నం గద్వాల నుంచి ముజీబ్ అనే పెయింటరు వచ్చాడు. దుకాణాల బోర్డులు రాసే మనిషి. గోడకు పార్కు దిక్కు తెల్లరంగు కొట్టి, దాని మీద బొమ్మలు వేస్తున్నాడని పూజ చెప్పింది. జములమ్మ మళ్లీ పెద్ద వాకిలి నుంచి చుట్టూ తిరిగి పోయింది.

గోడ పొడుగునా నీలంగా కృష్ణ పారుతోంది. కొంగలు, కొండలు, కోట బురుజు, మగ్గం ముందు కూర్చున్న నేతమనిషి. సరిగ్గా ఆమె ఇంటికి ఎదురుగా పడేచోట ఒక పుట్టి. పుట్టిలో పచ్చచీర కట్టుకున్న ఆడమనిషి, తలలో పూలు, చేతిలో తెడ్డు. ముజీబ్ స్టూలు ఎక్కి ఆమె ముఖానికి నవ్వు దిద్దుతున్నాడు.

"ఇక్కడ గేటు రావాలె గద అన్నా. మల్ల బొమ్మ కోస్తరా?"

ముజీబ్ కుంచె ఆపి వెనక్కి చూశాడు. "గేటు సంగతి నాకు తెల్వదక్కా. ఆ మూల నుంచి ఈ మూల దాక ఒకటే బొమ్మ, నడుమ తెంపొద్దన్నరు. ఫొటోలు దిగుతరంట."

జములమ్మ కాసేపు ఆ పచ్చచీర మనిషిని చూసింది. కోపం రావాల్సింది కాని, ముందు ఒక రకమైన సిగ్గు వచ్చింది. తన ఇంటి పొయ్యి, ఆరేసిన బట్టలు, బోర్లించిన పుట్టి ఎవరి కంటా పడకూడదనుకున్నవాళ్లకు పుట్టి మీద ఇంత ముచ్చట ఎందుకో ఆమెకు అర్థం కాలేదు. కోపం తర్వాత వచ్చింది. వచ్చాక పోలేదు.

ఆశీర్వాదం సిమెంటు బస్తాల దగ్గర ఉన్నాడు. గేటు ఏదని అడిగింది. పై నుంచి మాట మారిందని, ముందు వాకిలి ఉంది కదా అని, ప్రారంభం అయ్యాక పెద్దసారుకు అర్జీ పెట్టుకోమని చెప్పాడు. చెబుతున్నంతసేపు ఆమె ముఖం చూడలేదు, చేతిలోని టేపు లాగుతూ వదులుతూ ఉన్నాడు.

"ముందటి దిక్కు నుంచి పుట్టి పట్టదన్నా. నువ్వు సూసినవ్ గద ఆ చట్రం."

"నా చేతుల ఏమున్నది అమ్మా, నేను జీతగాన్ని."

సాయంత్రం జంగయ్య అరుగు మీద గేరి అంతా చేరింది. జంగయ్య జములమ్మకు బావ, భర్తకు అన్న. గేరిలో అతని మాట చెల్లుతుంది. వార్డు నాయకుడు మధ్యాహ్నమే ఫోను చేశాడని అతను చెప్పాడు. ఇండ్ల జోలికి ఎవరూ రారు, గోడ ఒక్కటే, అంతవరకు హామీ. ప్రారంభం రోజు అల్లరి చేస్తే మాత్రం ఇండ్లు ఎవరి భూమిలో ఉన్నాయో చూడాల్సి వస్తుందట. ఆ మాటకు ఒకరిద్దరు అరుగు కింద చెప్పులు వెతుక్కుని లేచిపోబోయారు.

"ఇండ్లు ఉంచుతరంట," అంది జములమ్మ. "నది లేకుండ ఇండ్లు ఏం చేసుకుంటం బావా? పుట్టి తోలెటోల్లకు ఇల్లంటె గోడలేనా?"

"తొందరపడకు జములమ్మా. అర్జీ పెడ్దం. నెలకో రెండు నెలలకో..."

"రెండు నెలలకు చేపలు నీళ్లల్లనే ఉంటయా?" అని మెహరున్నిసా అందుకుంది. తన కొడుకు ఆటో పొద్దున ఉత్తగా తిరిగొచ్చిందని, అర్జీ రాసే చేతులకు ఆకలి తెలియదని ఆవిడ మెల్లగానే చెప్పింది. జంగయ్య నేలచూపు చూస్తూ బీడీ తిప్పుకుంటూ ఉండిపోయాడు. రేపు పలకలు ఎత్తేస్తానని జములమ్మ అన్నప్పుడు వద్దనలేదు, సరే అనలేదు.

ఇంటికొచ్చాక పూజ తల్లికి అన్నం పెట్టింది. పార్కు వాళ్లిచ్చిన ఆకుపచ్చ జాకెట్టు ఉతికి దండెం మీద ఆరేసి ఉంది. రేపు వచ్చేవాళ్లకు పూలగుచ్ఛాలు అందించే పని తనకు పెట్టారని చెప్పింది. ఆ తర్వాత అసలు మాట అంది.

"నువ్వు రేపు ఏం చెయ్యకు అమ్మా. ప్రారంభం అయినంక నన్ను పక్కాగ తీస్కుంటమన్నరు. నువ్వు అల్లరి చేస్తే ముందు నన్నే తీసేస్తరు."

జములమ్మ ముద్ద చేతిలో పట్టుకుని బిడ్డను చూసింది. పత్తి విత్తనాల చేలల్లో పూలకు పుప్పొడి అద్దే కూలికి పోతూ పెరిగిన పిల్ల. చేలకు పోకుండా ఇంటి పక్కనే చేసే పని దొరికిందని ఎంత సంబరపడిందో తల్లికి తెలుసు.

"నేను అల్లరి చెయ్య," అంది. "నా పుట్టిని నీళ్లల్ల ఏసుకుంట. అంతనే."

పూజ గిన్నెలు తీసుకుని బయటికి పోయింది.

*

తెల్లవారాక, వెలుగు బాగా వచ్చాక, జములమ్మ ముగ్గురు ఆడవాళ్లను వెంటబెట్టుకుని గోడ దగ్గరికి వచ్చింది. మెహరున్నిసా ఒక స్టూలు తెచ్చింది. దాచుకుని చేసే పని కాదని, అందరూ చూస్తుండగానే చేయాలని జములమ్మ ముందే చెప్పింది. పచ్చచీర మనిషి బొమ్మ ఉన్న చోటే, రెండు స్తంభాల నడుమ, అందరికంటే పై పలక మీద చేతులు వేశారు.

పలక లేచింది. జానెడు లేచి పక్కకు వంగి గాడిలో ఇరుక్కుంది. మళ్లీ దించి మళ్లీ ఎత్తారు, మళ్లీ ఇరుక్కుంది. ఎక్కించినప్పుడు రెండు దిక్కులా మనుషులున్నారు. ఇప్పుడు అందరూ ఇవతలే ఉన్నారు. ఎంత బలం పెట్టినా పలక వాళ్ల మీదికే వాలుతోంది. మెహరున్నిసా అరచేయి గీరుకుని రక్తం వచ్చింది. ఆవిడ కొంగుతో తుడుచుకుని మళ్లీ పట్టింది. జంగయ్య తన అరుగు మీద నిలబడి చూస్తున్నాడు. అతని పక్కన మరికొందరు.

అప్పుడు గోడ అవతల నుంచి ఒక జత చేతులు పలక అంచును పట్టుకున్నాయి. మట్టి ఎండిన గోళ్లు, ఆకుపచ్చ జాకెట్టు చేతులు.

"అమ్మా, నీ దిక్కు జర దించు," అంది పూజ గొంతు. "సమానంగ వస్తలేదు."

జములమ్మ తన దిక్కు దించింది. అవతల పూజతో పాటు గడ్డి పని చేసే ఇంకో ఇద్దరు పిల్లలు కూడా చేతులు వేసినట్లున్నారు. పలక నిటారుగా లేచి గాడిలో నుంచి బయటికి వచ్చింది. రెండోది తేలికయింది. మూడోదానికి జంగయ్య అరుగు దిగి వచ్చి, మరదలి చేతుల పక్కన తన చేతులు పెట్టాడు. తర్వాత ఎవరూ పిలవకుండానే గేరి మగవాళ్లు కదిలారు.

గోడ నడుము దాకా దిగేసరికి ఆశీర్వాదం పరుగెత్తుకొచ్చాడు. చేతిలో ఫోను. ఒకసారి పలకలను, ఒకసారి పూజను చూశాడు.

"నా నౌకరి తీస్తరు అమ్మా," అన్నాడు. గొంతులో బెదిరింపు లేదు.

"నీ నౌకరి తీస్తరని నీకు భయం," అంది జములమ్మ. "మా పని తీసేటప్పుడు నువ్వే గీత గీసినవ్. నిన్ను తిట్ట. కాని నా చేతులు మాత్రం పట్టుకోకు."

అతను పట్టుకోలేదు. ఫోను చెవికి పెట్టుకుని దూరంగా పోయాడు. మాట్లాడి వచ్చి, తీసిన పలకలు నిలబెట్టొద్దని, గాలికి పడి పగులుతాయని, నేల మీద పరవమని పొడిగా చెప్పాడు. వాళ్లు అడుగు పలక దాకా అన్నీ తీసి, వాటిని గేరి నుంచి పార్కు బాట దాకా, తడిమట్టి మీద వరసగా పరిచారు. ముజీబ్ వేసిన బొమ్మలో పచ్చచీర మనిషి ముక్కలై, మట్టి దిక్కు ముఖం పెట్టి పడుకుంది.

జములమ్మ పుట్టి కిందికి దూరి, దాన్ని వీపు మీదికి ఎత్తుకుంది. ఆ సందులో నుంచి పుట్టి రెండు పక్కలా స్తంభాలను రాసుకుంటూ బయటికి వచ్చింది. కొత్త డాంబరు స్తంభాల మీద నల్లగా అంటింది. ఆమె గడ్డి మీద నుంచి నడిచి, మెట్లు దిగి, పుట్టిని నీళ్లలోకి వదిలింది. అవతలి ఒడ్డున ఎర్ర తువ్వాలు ఊగుతోంది.

*

పెద్దసార్లు వచ్చేసరికి గోడలో సందు అలాగే ఉంది. దాన్ని మూయడానికి సమయం లేక దాని ముందు షామియానా గుడ్డ ఒకటి కట్టించారు. గేరి ఆడవాళ్లు రావడానికీ పోవడానికీ దాన్ని పక్కకు తోసుకుంటూనే ఉన్నారు. కట్టినవాడు మళ్లీ కట్టడం మానేశాడు. మెట్లకు ఎదురుగా వేదిక వేసి, ముందు వరసలో మెత్తటి కుర్చీలు వేశారు. నది బాగా కనిపించాలని కుర్చీలను మెట్ల అంచు దాకా జరిపారు. పూలగుచ్ఛాలు వేరే ఎవరో అందిస్తున్నారు. పూజను జాకెట్టు విప్పి ఇమ్మని, రేపటి నుంచి రావద్దన్నారు. జాకెట్టు ఇచ్చేసింది కాని ఇంటికి పోలేదు. మెట్ల దిగువన, పుట్టి తాడు అందుకునే చోట, చీరకొంగు బొడ్లో దోపుకుని నిలబడింది, పక్కన మెహరున్నిసా.

నది మీద జములమ్మ పుట్టి కనిపించగానే ముందు వరసలో కదలిక వచ్చింది. ముఖ్య అతిథి ఎంతో బాగుందన్నాడు. ఫొటోలు తీసేవాళ్లు మెట్ల మీదికి ఉరికారు. వేదిక మీద నుంచి ఎవరో చెయ్యి ఊపితే, మిగతా వాళ్లు కూడా ఊపారు. జములమ్మ రెండు చేతులా తెడ్డు ఉంది. పుట్టిలో జానకమ్మ, ఆమె గంప, ఒక బాలింత, ఆమె తల్లి, రెండు పాలక్యాన్లు ఉన్నాయి. మెట్ల దగ్గర నీళ్ల వడి ఎక్కువ. ఆమె నీళ్ల వైపు తప్ప ఎటూ చూడలేదు.

పుట్టి ఒడ్డుకు రాబోతుంటే ఒక కానిస్టేబులు దిగి వచ్చి, సభ అయిపోయేదాకా నీళ్ల మీదే ఉండమని సైగ చేశాడు. కొంచెం దూరంలో ఉంటే చూడ్డానికి కూడా బాగుంటుందన్నాడు.

"బాలింత ఉన్నది సార్," అంది జములమ్మ. తెడ్డు చివరిసారి వేసి తాడు విసిరింది.

పూజ పట్టుకుంది. కానిస్టేబులుకు తాను ఏం చేయాలో తోచక పక్కకు జరిగాడు. పూజ తాడును మెట్టు కొక్కేనికి బిగించి, బాలింతకు చెయ్యి అందించింది. మైకులో మాట్లాడుతున్నతను నది ఒడ్డు అందాల గురించి చెబుతూ నడుమ ఆగాడు, మళ్లీ అందుకున్నాడు.

జములమ్మ జానకమ్మ గంప తన నెత్తికెత్తుకుని ముందు నడిచింది. మెట్లన్నీ ఎక్కాక దారి మూసుకుపోయింది. మెట్ల అంచున వేసిన కుర్చీల్లో నడిమి కుర్చీ ముఖ్య అతిథిది. తెల్లటి బట్టలు, మెరిసే బూట్లు, కాళ్లు ముందుకు చాపుకుని కూర్చున్నాడు. గేరికి పోయే దారి ఆ కాళ్ల మీద నుంచే ఉంది. పక్కనున్న అధికారి గబగబా లేచి, అటు చుట్టూ తిరిగి పొమ్మని జములమ్మకు చేత్తో చూపించాడు. చుట్టూ తిరిగితే మళ్లీ ఆ ఇనుప తిరుగుడు చట్రమే.

ఆమె కదలలేదు. తల మీద గంప నుంచి తడి ఆకుల నీళ్లు కారి ఆమె భుజం మీదుగా నేల మీద పడుతున్నాయి. వెనక బాలింత పసిబిడ్డను ఎత్తుకుని నిలబడింది. ఫొటోలు తీసేవాళ్లు అందరూ ఇటు తిరిగారు.

"జర కాళ్లు ముడుసుకోండ్రి సార్," అంది జములమ్మ. "బరువుతోటి వస్తున్నం."

అతను ఆమెను చూశాడు, కెమెరాలను చూశాడు. కాళ్లు ముడుచుకున్నాడు. అది చాలక లేచి, తన కుర్చీని తనే వెనక్కి జరిపాడు. పక్కవాళ్లు కూడా లేచి జరిపారు. జములమ్మ వాళ్ల నడుమ నుంచి తొందరేమీ లేకుండా నడిచింది. ఆమె వెనకే బాలింత, ఆమె తల్లి, జానకమ్మ, చెరో పాలక్యానుతో పూజ, మెహరున్నిసా నడిచారు.